హెడ్మాస్టరు గారి మాట ఎవరు వింటారు?

ఈ పూట మనం బడి గురించి మాట్లాడుకుందాం. బడి అనగానే పిల్లలు గుర్తొస్తారు, పాఠం చెప్పే టీచర్లు గుర్తొస్తారు. హెడ్మాస్టరు గారు మాత్రం ఎక్కువగా రెండు సందర్భాల్లోనే గుర్తొస్తారు. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున ఒకసారి, మధ్యాహ్న భోజనంలో ఏదైనా తేడా జరిగిన రోజున ఇంకోసారి. మిగతా ఏడాదంతా ఆ గదిలో కూర్చున్న మనిషి ఏం పడుతున్నారు, మనసు ఎలా ఉంది అని మనం అడగం. నేను హెడ్మాస్టరు అన్నప్పుడల్లా హెడ్మిస్ట్రెస్‌లను కూడా కలుపుకునే అంటున్నానని దయచేసి గమనించండి. బడి నడిపే మనిషికి మూడు గుణాలు కావాలని నా నమ్మకం. ఎదుటి మనిషి చోట నిలబడి చూడగలిగే సహానుభూతి. కొంచెం ఆటలాడే మనసు. చేస్తున్న పనికి ఒక అర్థం ఉందన్న ఎరుక. ఈ మూడూ పుట్టుకతోనే రావాలని లేదు, నేర్చుకోవచ్చు. కాకపోతే ఉపన్యాసం విని నేర్చుకోలేం. తన పట్ల ఎవరైనా అలా నడుచుకుంటే, తాను వాటి రుచి చూస్తే అబ్బుతాయి. బావిలో ఉంటేనే కదా చేదలోకి వచ్చేది. తన మాట ఎవరూ వినని హెడ్మాస్టరు పిల్లల మాట వినడం చాలా కష్టం. మళ్లీ చెబుతున్నాను, ఈ ఒక్క సంగతి చుట్టూనే ఈ ప్రసంగమంతా తిరుగుతుంది: హెడ్మాస్టరుకు అందనిది బడికి అందదు.

ఒక్క మనిషి మనసుకు ఇంత ప్రాముఖ్యం ఇవ్వాలా అని మీకు అనిపించవచ్చు. ఇవ్వాల్సిందే. కెనడాకు చెందిన కెన్నెత్ లీత్‌వుడ్, ఆయన సహచరులు ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి 2004లో ఒక మాట తేల్చారు. పిల్లల చదువు మీద బడి పరంగా పనిచేసే విషయాల్లో తరగతి గది బోధన మొదటిదైతే, ఆ వెంటనే వచ్చేది బడిని నడిపించే తీరు. అమెరికాలో ఆంథొనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ అనే ఇద్దరు పరిశోధకులు షికాగో నగరంలోని దాదాపు 400 ప్రాథమిక పాఠశాలలను 1990లలో ఏళ్ల తరబడి గమనించారు. ఒకే ఊరు, ఒకే ప్రభుత్వం. అయినా కొన్ని బడులు బాగుపడ్డాయి, కొన్ని ఉన్నచోటే ఉండిపోయాయి. తేడా ఎక్కడ వచ్చిందని వెతికితే వాళ్లకు కనిపించింది నమ్మకం. టీచర్లకు హెడ్మాస్టరు మీద, హెడ్మాస్టరుకు టీచర్ల మీద, తల్లిదండ్రులకు వీళ్లందరి మీద ఉండే నమ్మకం. అది గట్టిగా ఉన్న బడి బాగుపడే అవకాశం రెండింట ఒకటి. అది లేని బడికి ఏడింట ఒకటి. రెండింట ఒకటి, ఏడింట ఒకటి. ఎంత తేడా ఉందో చూడండి. ఈ నమ్మకం ఎక్కడ పుడుతుందని అడిగితే వాళ్లు చూపించింది పెద్ద పెద్ద పథకాలను కాదు. రోజూ జరిగే చిన్న చిన్న మాటల్లో, ఒకరినొకరు గౌరవించుకోవడంలో, ఎదుటివాడి బాగు పట్టించుకోవడంలో పుడుతుందన్నారు.

ఆ చిన్న మాట ఎంత దూరం పోతుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. ప్రార్థన అయిపోయింది. హాజరు పట్టీ హెడ్మాస్టరు గారి బల్ల మీద తెరిచి ఉంది. ఒక టీచరమ్మ ఇరవై నిమిషాలు ఆలస్యంగా, ఎక్కడో బస్సు దిగి పరుగున వచ్చినట్టు చెమటలు కక్కుతూ గుమ్మంలో నిలబడింది. ఇప్పుడు హెడ్మాస్టరు గారి నోట వచ్చే మొదటి మాట ఏమిటి? "మేడమ్, టైమెంతయింది?" అనొచ్చు. "ఏం మేడమ్, ఇంట్లో అంతా బాగేనా?" అనొచ్చు. రెండో మాట అన్నంత మాత్రాన ఆలస్యం మాఫీ అయిపోదు. పట్టీలో పడాల్సిన గుర్తు పడుతుంది. కాని ఏ మాట విన్నారో ఆ మాటతోనే ఆవిడ ఏడో తరగతి గదిలోకి నడుస్తారు. అక్కడ హోంవర్కు చేయని పిల్లవాడు ఒకడు లేచి నిలబడి ఉంటాడు. హెడ్మాస్టరు గదిలో విన్న గొంతే వాడికి ఆవిడ నోట వినబడుతుంది. ఇప్పుడు ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. ఆ హెడ్మాస్టరు గారికి నిన్న సాయంత్రం మండల కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. "మీ బడి ఒక్కటే పెండింగు, ఇంకా అప్‌లోడ్ కాలేదేం?" అని ఒక గద్దింపు. సర్వర్ పనిచేయడం లేదని చెప్పబోతే ఫోను పెట్టేశారు. సాయంత్రం ఆయన నోట్లో ఆగిపోయిన మాటే ఉదయం ఇంకొకరి మీద పడింది. పిల్లవాడి దాకా వచ్చిన కసురు ఎక్కడ బయలుదేరిందో చూశారా? అందుకే హెడ్మాస్టర్లకు సహానుభూతి మీద పాఠం చెప్పేముందు, వాళ్లతో ఎవరు ఎలా మాట్లాడుతున్నారో చూడమంటున్నాను.

వినడం అంటే ఎలా ఉంటుందో చెప్పడానికి జపాన్ హెడ్మాస్టరు ఒకాయన కథ ఉంది. ఆయన పేరు సోసాకు కొబయాషి. 1937లో టోక్యోలో తొమోయె అనే చిన్న బడి పెట్టారు. పాత రైలు పెట్టెలే అక్కడ తరగతి గదులు. ఆ బడిలో చదువుకున్న తెత్సుకో కురొయనాగి పెద్దయి పేరున్న నటి అయ్యాక, 1981లో ఆ రోజుల గురించి పుస్తకం రాశారు. తెలుగులో అది 'రైలుబడి' పేరుతో వచ్చింది. మీలో చాలామంది చదివే ఉంటారు. ఒకటో తరగతిలోనే ఆ పిల్లను మొదటి బడివాళ్లు భరించలేక పంపేశారు. తల్లి చెయ్యి పట్టుకుని తొమోయెకు తీసుకొచ్చింది. కొబయాషి గారు తల్లిని ఇంటికి వెళ్లమన్నారు. తన కుర్చీని పిల్ల కుర్చీకి దగ్గరగా జరుపుకున్నారు. నీకేం చెప్పాలనిపిస్తే అది చెప్పు అన్నారు. ఆ పిల్ల రైలు గురించి చెప్పింది, పాత బడి గురించి చెప్పింది, కుక్క గురించి చెప్పింది, వేసుకున్న గౌను గురించి చెప్పింది. చెప్పడానికి ఇంకేమీ మిగలనంతవరకు చెప్పింది. దాదాపు నాలుగు గంటలు. ఆయన ఆవులించలేదు, విసుక్కోలేదు, మధ్యలో బోధ చేయలేదు. ఆ తర్వాత, ఇకనుంచి నువ్వు ఈ బడి పిల్లవి అన్నారు. అంతసేపు తన మాట విన్న పెద్దమనిషి తనకు అంతవరకు తారసపడలేదని ఆ పిల్ల పెద్దయ్యాక కూడా మరిచిపోలేదు. ఈ కొబయాషి గారు ఊరికే ఇలా తయారవలేదు. ఆయన యూరప్ వెళ్లి, సంగీతానికి తగ్గట్టు ఒంటిని కదిలించడం నేర్పే ఎమిల్ జాక్ డాల్‌క్రోజ్ పద్ధతిని దగ్గరుండి నేర్చుకున్నారు. పెద్దయ్యాక మళ్లీ విద్యార్థి అయ్యారు. అడుగు వేయడం, తప్పడం, మళ్లీ వేయడం ఆయన ఒంటికి తెలుసు. తానుగా అనుభవించాలని నేను అంటున్నది ఇదే.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. ఇంత మెత్తగా ఉంటే బడి అదుపు తప్పదా? మంచి ప్రశ్నే. దీనికి జవాబు కూడా ఆ బడిలోనే ఉంది. ఒకరోజు ఆ పిల్ల తనకు ఇష్టమైన పర్సును మరుగుదొడ్డి గుంటలో పడేసుకుంది. తోటమాలి కొట్టంలో నుంచి పొడుగు కాడ గరిటె తెచ్చి గుంటలోది తోడి బయట పోయడం మొదలుపెట్టింది. అటుగా పోతున్న కొబయాషి గారు ఏం చేస్తున్నావని అడిగారు. పర్సు పడిపోయిందని చెప్పింది. సరే అని చేతులు వెనక్కి కట్టుకుని వెళ్లిపోయారు. కాసేపటికి మళ్లీ వచ్చారు. అప్పటికి కుప్ప పెద్దదయింది. పని అయ్యాక ఇదంతా మళ్లీ లోపల వేసేస్తావు కదూ అని, స్నేహితుడు అడిగినట్టు అడిగి వెళ్లిపోయారు. ఆ పిల్లకు పర్సు దొరకలేదు. తోడిందంతా మళ్లీ లోపల వేసింది. ఇందులో అదుపు ఎక్కడ తప్పింది చెప్పండి? తాను చేసిన పని తానే సర్దాలన్న నియమం అలాగే ఉంది. తిట్టు ఒక్కటే లేదు. టీచర్ల విషయంలోనూ ఆయన అంతే. ఎదుగుదల ఆగిపోయిన ఒక పిల్లవాడిని వాళ్ల టీచరు తరగతిలో సరదాకి, నీకు తోక లేదు కదా అని అడిగింది. దానికి కొబయాషి గారు ఆమెను చాలా గట్టిగా మందలించారు. అయితే మిగతా టీచర్ల ముందు మందలించలేదు. వంటగదిలోకి పిలిచి మందలించారు. పిల్లవాడి పరువు కాపాడారు, టీచరమ్మ పరువు కూడా కాపాడారు. తప్పును చూసీ చూడనట్టు వదిలేయడాన్ని సహానుభూతి అనుకుంటే పొరపాటు. తప్పును తప్పు అంటూనే మనిషిని చిన్నబుచ్చకుండా ఉండగలగడం అది.

ఒక్క బడి కథ చాలదంటారా? అమెరికాలోని కాలిఫోర్నియాలో జేసన్ ఒకొనొఫువా అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు మామూలు ప్రభుత్వ బడుల్లో ఒక ప్రయోగం చేశారు. 2016లో అది అచ్చయింది. గణితం చెప్పే టీచర్లను తీసుకున్నారు. పిల్లలు ఎందుకు ఎదురు తిరుగుతారో, గౌరవంగా మాట్లాడిన టీచరు పట్ల ఎలా మారతారో చెప్పే పిల్లల అనుభవాలను చదివించారు. చదివాక, మీరైతే ఏం చేస్తారో రాయండి అన్నారు. అంతా కలిపి గంట పైచిలుకు పని. ఆ ఏడాది ఆ టీచర్ల దగ్గర చదివిన పిల్లల్లో బడి నుంచి సస్పెండ్ అయినవారి సంఖ్య, మిగతా టీచర్ల పిల్లలతో పోలిస్తే సగానికి పడిపోయింది. సగానికి. అదుపు తప్పలేదు, అదుపు పెరిగింది. ఈ ప్రయోగంలో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. వాళ్లు టీచర్లను, మీలో దయ లేదు, దయ నేర్చుకోండి అని కూర్చోబెట్టలేదు. మీరు అనుభవజ్ఞులు, కొత్తగా వచ్చే టీచర్లకు పనికొచ్చేలా మీ తీరు చెప్పండి అని గౌరవంగా అడిగారు. ముందు గౌరవం అందింది. తర్వాత అదే పిల్లలకు చేరింది. హెడ్మాస్టర్ల శిక్షణకూ ఇదే దారి.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఇవన్నీ బాగానే ఉన్నాయి, టైము ఎక్కడిదండీ అంటారు హెడ్మాస్టర్లు. ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. పిల్లల హాజరు యాప్‌లో పెట్టాలి. భోజనం లెక్క పెట్టాలి. గుడ్లు ఎన్ని వచ్చాయి, ఎన్ని వండారు రాయాలి. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు పంచి సంతకాలు తీసుకోవాలి. పదో తరగతి పరీక్షలకు పంపే నామినల్ రోల్స్‌లో, అంటే పిల్లల పేర్ల జాబితాల్లో, ఒక్క అక్షరం తప్పు పోకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక దశలో మరుగుదొడ్ల ఫొటోలు తీసి ఎక్కించే పని కూడా టీచర్ల మీదే పడింది. చాలా బడుల్లో గుమస్తా లేరు. కొన్నిచోట్ల ఇన్‌చార్జి హెడ్మాస్టరు తన పాఠాలు తాను చెప్పుకుంటూ ఇవన్నీ మోయాలి. దేశంలో లక్షకు పైగా బడులు ఒకే ఒక్క టీచరుతో నడుస్తున్నాయి. అక్కడ హెడ్మాస్టరు, టీచరు, గుమస్తా, గంట కొట్టే మనిషి అంతా ఒకరే. ఇలాంటి మనిషిని పట్టుకుని, నువ్వు రోజూ పిల్లల మాట నాలుగు గంటలు వినవయ్యా అంటే అది అన్యాయం. కాబట్టి ఈ అభ్యంతరాన్ని హెడ్మాస్టర్ల మీద వేసి ఊరుకోవడానికి లేదు. దీనికి జవాబు చెప్పాల్సింది పైవాళ్లు. సహానుభూతి కావాలని శిక్షణ తరగతులు పెట్టే శాఖే ఆయన దినమంతా ఫారాలతో నింపేస్తే ఆ శిక్షణకు విలువ లేదు. అయితే ఒక్క మాట. వినడానికి ఎప్పుడూ గంటలే కావాలని లేదు. ఇందాక గుమ్మంలో నిలబడ్డ టీచరమ్మను గుర్తు తెచ్చుకోండి. "టైమెంతయింది" అనడానికీ "అంతా బాగేనా" అనడానికీ పట్టే సమయం ఒకటే.

ఇక ఆటలాడే మనసు సంగతి. ఇది చెప్పగానే కొందరు ముఖం చిట్లిస్తారు. హెడ్మాస్టరు గంభీరంగా ఉండాలి గాని ఆటలేమిటి అంటారు. నేనంటున్నది జోకులు వేయమని కాదు. చేసి చూద్దాం, తప్పితే ఇంకోలా చేద్దాం అనగలిగే ధైర్యాన్ని ఆటలాడే మనసు అంటున్నాను. మళ్లీ కొబయాషి గారి దగ్గరికే వెళ్దాం, ఎందుకంటే దీన్ని ఆయనకంటే చక్కగా చూపించినవాళ్లు తక్కువ. ఎదుగుదల ఆగిన పిల్లవాడి గురించి చెప్పాను కదా. కాళ్లూ చేతులూ పొట్టివి. ఆటల పోటీలంటే అలాంటి పిల్లలు ఓ మూల కూర్చోవాల్సిన రోజు. కొబయాషి గారు తమ బడి ఆటల పోటీలను తానే కొత్తగా కల్పించారు. గుడ్డతో చేసిన పెద్ద చేప బొమ్మ నోట్లోంచి దూరి తోకలోంచి బయటికి రావాలి. పొడుగు పిల్లలు లోపల ఇరుక్కుంటారు, ఆ పొట్టి పిల్లవాడు సర్రున జారి వచ్చేస్తాడు. హాలు మెట్లు ఒక్కొక్కటే ఎక్కాలి, రెండేసి దాటకూడదు. పొడుగు కాళ్లవాళ్లకు అదే ఇబ్బంది, వాడికి అదే వీలు. పోటీ తర్వాత పోటీ, వాడే మొదటివాడు. బహుమతులేమిటో తెలుసా? కూరగాయలు. మొదటి బహుమతి ఒక పెద్ద ముల్లంగి. మీ సంపాదనతో ఈ రాత్రి ఇంట్లో అందరికీ కూర అవుతుంది అని పిల్లలకు నచ్చజెప్పారు. నువ్వు కూడా గెలవగలవు అని ఆయన ఆ పిల్లవాడికి ప్రసంగం ఇవ్వలేదు. వాడు గెలవగలిగే ఆట ఒకటి కనిపెట్టి ఊరుకున్నారు. వాడి చోట నిలబడి చూస్తే తప్ప అలాంటి ఆట తట్టదు. సహానుభూతినీ ఆటనూ నేను కలిపి చెబుతున్నది అందుకే.

మన దేశంలోనూ ఇందుకు సాక్ష్యం ఉంది. గుజరాత్‌లో గిజుభాయ్ బధేకా రాసిన 'దివాస్వప్న' అనే పుస్తకంలో ఒక టీచరు నాలుగో తరగతి పిల్లలతో కథలు, ఆటలు మొదలుపెట్టి చదువును మార్చి చూపిస్తాడు. ఆ టీచరు గురించి అందరూ చెబుతారు. ఆ కథలో ఇంకొక మనిషి ఉన్నాడు. విద్యాధికారి. ఆయనకు ఈ ప్రయోగం మీద పెద్ద నమ్మకం లేదు. అయినా ఒక తరగతి అప్పగించి, ఏడాది గడువిచ్చి, చెయ్యి, చూద్దాం అన్నాడు. ఆ అధికారి ఆ గడువు ఇవ్వకపోతే ఆ టీచరు లేడు, ఆ ఆటలూ లేవు. తప్పు జరిగితే మెమో వస్తుందని వణికే హెడ్మాస్టరు ఏ కొత్త ఆటా ఆడడు. అది ఆయన పిరికితనం అనలేం. ఆయన చుట్టూ ఉన్న లోకం అలా నేర్పింది. ఇక హెడ్మాస్టరు గంభీరంగా ఉండాలన్న మాటకు వస్తే, మన తెలుగు ఆకాశవాణిలో న్యాయపతి రాఘవరావు గారు రేడియో అన్నయ్యగా, కామేశ్వరి గారు రేడియో అక్కయ్యగా పిల్లలతో సమానంగా ఆడి పాడారు. పెద్దరికం దిగివచ్చి ఆడితే పెద్దరికం తగ్గదని తెలుగు ఇళ్లన్నీ ఈ రేడియోలోనే విన్నాయి.

కడుపు నిండినవాళ్లకు గాని మా బడులకు ఆటలెందుకు అనే మాట కూడా వినిపిస్తుంది. దీనికి జవాబుగా పోలండ్ దేశపు వైద్యుడు యానుష్ కోర్చాక్ గారిని తలచుకోవాలి. వార్సా నగరంలో ఆయన యూదు అనాథ పిల్లల వసతిగృహం నడిపారు. అక్కడ పిల్లలే న్యాయమూర్తులుగా ఒక కోర్టు ఉండేది. ఆ కోర్టు ముందు ఆయన కూడా నిలబడ్డారు. ఒకసారి ఆరు నెలల్లో అయిదుసార్లు నిలబడ్డానని ఆయనే రాసుకున్నారు. ఒక పిల్లవాడి చెవి మీద కొట్టినందుకు ఒకసారి, ఒక పిల్ల దొంగతనం చేసిందని తొందరపడి అనుమానించినందుకు ఇంకోసారి. ఆ అయిదు విచారణలూ తనను మంచి ఉపాధ్యాయుడిగా తీర్చిదిద్దాయని ఆయన నమ్మారు. నాజీలు ఆ పిల్లలను గోడల మధ్య బంధించాక, ఆకలి చావుల నడుమ, 1942 జులైలో ఆ పిల్లలు ఒక నాటకం వేశారు. అది మన రవీంద్రనాథ్ ఠాగూరు 'డాక్‌ఘర్'. జబ్బుపడి గదిలో ఉండిపోయిన పిల్లవాడు రాజు గారి ఉత్తరం కోసం ఎదురుచూసే కథ. మూడు వారాలు తిరగకుండానే ఆ పిల్లలనూ కోర్చాక్‌నూ ట్రెబ్లింకా మరణ శిబిరానికి తీసుకుపోయారు. రొట్టె లేని చోట ఆ మనిషి ఆటను వదులుకోలేదు. ఆ నాటకం అక్కడ కాలక్షేపం కాదు. పిల్లలు మనుషులుగా మిగలడానికి ఒక దారి. ఆట, అర్థం అక్కడ ఒకటిగా కలిసిపోయాయి.

అర్థం గురించి ఇంకొంచెం చెప్పాలి. మన హెడ్మాస్టర్లు చాలామంది ఎంతో ఇష్టంతోనే ఈ ఉద్యోగంలోకి వచ్చారు. ఇరవై, ముప్పై ఏళ్లు పాఠం చెప్పాక ప్రమోషన్ వస్తుంది. ప్రమోషన్‌తో పాటు ఊరు మారుతుంది, పాఠం దూరమవుతుంది, పిల్లలు దూరమవుతారు. ఇక చేతిలో మిగిలేవి ఫైళ్లు. కొన్నేళ్లకు బదిలీల కౌన్సెలింగ్. తాను చదివించిన పిల్లలు ఏమయ్యారో చూసే వీలు కూడా ఉండదు. ఇది ఎంత పెద్ద లోటో చెప్పే ప్రయోగం ఒకటి అమెరికాలో జరిగింది. ఆడమ్ గ్రాంట్, ఆయన సహచరులు 2007లో ప్రచురించారు. ఒక విశ్వవిద్యాలయంలో పూర్వ విద్యార్థులకు ఫోన్లు చేసి స్కాలర్‌షిప్పుల కోసం విరాళాలు అడిగే ఉద్యోగులు ఉన్నారు. విసుగు పుట్టించే పని. వాళ్లలో కొందరిని స్కాలర్‌షిప్పు అందుకున్న ఒక విద్యార్థితో అయిదు నిమిషాలు మాట్లాడనిచ్చారు. ఇంకొందరికి ఆ విద్యార్థి రాసిన ఉత్తరం చదవనిచ్చారు. నెల తిరిగాక చూస్తే, మనిషిని కలిసినవాళ్లు ఫోను మీద గడిపే సమయం రెట్టింపు దాటింది. ఉత్తరం చదివినవాళ్లలో మార్పు లేదు. గమనించారా? ఉత్తరం చాలలేదు, మనిషి కావాల్సి వచ్చాడు. ఉపాధ్యాయ వృత్తి పవిత్రమైనదని ఏటా సెప్టెంబరు 5న వినే ప్రసంగాలు ఆ ఉత్తరం లాంటివి. తన బడిలో మధ్యాహ్న భోజనం తిని చదివిన అమ్మాయి నర్సయి, తెల్ల కోటు వేసుకుని వచ్చి ఎదుట కూర్చుని అయిదు నిమిషాలు మాట్లాడితే, ఆ హెడ్మాస్టరుకు గుడ్ల లెక్క రాసే పని కూడా వేరేగా కనబడుతుంది. ఆ లెక్క వెనకాల ఆ అమ్మాయి ఉంది మరి.

అందరి బాధలూ మోస్తే మనిషి కుంగిపోడా అని కూడా అడుగుతారు. కుంగిపోతాడు, నిజమే. జర్మనీలో తానియా సింగర్, ఓల్గా క్లిమెకీ అనే శాస్త్రవేత్తలు దీన్ని పరిశీలించారు. ఎదుటివాళ్ల బాధను పంచుకోవడం ఒక్కటే సాధన చేసినవాళ్లలో దిగులు పెరిగింది. ఆ తర్వాత ఎదుటివాళ్ల మేలు కోరడం, వాళ్లకు ఏదైనా చేయాలనుకోవడం సాధన చేయిస్తే మనసు తిరిగి కుదుటపడింది. కాబట్టి హెడ్మాస్టరుకు బాధ వినే చెవితో పాటు ఏదో ఒకటి చేయగలిగే చెయ్యి కూడా ఉండాలి. తల్లి ఆసుపత్రిలో ఉన్న టీచరుకు రెండు రోజులు మొదటి పీరియడ్ మార్చే అధికారం. చెప్పులు లేని పిల్లవాడికి బడి నిధిలోంచి చెప్పులు కొనే స్వేచ్ఛ. ప్రతిదానికీ పైకి రాసి అనుమతి కోసం ఎదురుచూడాలంటే, వినడం ఒక శిక్షగా మారుతుంది. కొన్నాళ్లకు ఆ మనిషి వినడం మానేస్తాడు.

మరి ఏం చేయవచ్చు? 2020 నాటి జాతీయ విద్యా విధానం హెడ్మాస్టర్లకు ఏటా 50 గంటల శిక్షణ ఉండాలని చెప్పింది. గంటలు ఉన్నాయి. వాటిని దేనితో నింపుతామన్నదే ప్రశ్న. తెర మీద స్లైడ్లు చూపించి, చివర్లో అయిదు ప్రశ్నలకు బటన్లు నొక్కించి సర్టిఫికెట్ ఇస్తే, అది ఉత్తరం చదివించినట్టే అవుతుంది. దాని బదులు చుట్టుపక్కల బడులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక గంట ఫైళ్లు పక్కన పెట్టి, అయిదారుగురు హెడ్మాస్టర్లు గుండ్రంగా కూర్చోవచ్చు. ఒకరు తన బడిలో తనను వేధిస్తున్న ఒకే ఒక్క సమస్య చెప్పాలి. మిగతావాళ్లు సలహా ఇవ్వకూడదు, ప్రశ్నలు మాత్రం అడగవచ్చు. సలహా ఇవ్వకుండా పావుగంట ఉండటం మనకెంత కష్టమో అక్కడే తెలిసిపోతుంది. వచ్చే నెల ఇంకొకరి వంతు. ఏడాదికి ఒక రోజు హెడ్మాస్టరు ఒక పిల్లవాడి వెంట ఉదయం నుంచి సాయంత్రం దాకా ఉండవచ్చు. వాడి బెంచీ మీదే కూర్చోవాలి, వాడి సంచి మోసి చూడాలి, వాడితో పాటు పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడాలి, వాడు నీళ్లు తాగే కుళాయి దగ్గరే తాగాలి. ఏడు పీరియడ్లు కదలకుండా వినడమంటే ఏమిటో ఆ సాయంత్రం ఆయన నడుముకు తెలుస్తుంది. మర్నాడు టైంటేబుల్ చూసే చూపు మారుతుంది.

మండల విద్యాధికారులకు కూడా ఇలాంటి రోజు ఒకటి ఉండాలి. తనిఖీ కోసం కాకుండా, ప్రార్థన గంట నుంచి తాళం వేసేదాకా ఒక హెడ్మాస్టరు పక్కన కుర్చీ వేసుకుని ఊరికే కూర్చోవాలి. రిజిస్టర్లు అడగకూడదు. తన చేతిలో ఒక్క కాగితం ఉంటే చాలు. ఆ రోజు ఆ హెడ్మాస్టరును ఎవరు, ఎన్నిసార్లు, ఏ పని కోసం ఆపారు, ఏ పిల్లవాడు చెప్పబోయిన మాట ఏ ఫోను వల్ల మధ్యలో ఆగిపోయింది అని దాని మీద రాసుకోవాలి. జిల్లాలోని మండలాలన్నిటి నుంచి అలాంటి కాగితాలు ఒక్కొక్కటి జిల్లా విద్యాశాఖాధికారి బల్ల మీదకు చేరితే, ఏ యాప్ ఉంచాలో, ఏ ఫారం తీసేయాలో, ఏ పనికి గుమస్తాను ఇవ్వాలో తేల్చడానికి వేరే కమిటీ అక్కర్లేదు.